రంగు మారిన ప్రతి ఆకూ కొత్త రకం కాదు

సంపాదకులకు,

ఆర్యా,

మీ ఆదివారం అనుబంధంలో వేరిగేటెడ్ (ఆకుల్లో ఒకటికి మించి రంగులుండే) హోస్టాలపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. పూలకన్నా ఆకుల కోసమే పెంచుకునే ఈ నీడ మొక్కల గురించి రచయిత చెప్పిన సంగతులు చాలావరకు సరైనవే. అయితే దుబ్బులో ఒక్క ఆకు వేరే రంగులో కనబడగానే ఆ పిలకను కోసి, వేరే కుండీలో నాటి, పేరు పెట్టి తోటివారికి పంచమని ఇచ్చిన సలహాను మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. ఇరవై ఏళ్లుగా హోస్టాలు సేకరిస్తూ, సరిగ్గా ఆ తొందరతోనే ఒకసారి చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తల్లి మొక్క ఆకులకు భిన్నమైన ఆకులతో దానంతట అదే పుట్టుకొచ్చే పిలకను స్పోర్ట్ అంటారు. మొగ్గ కొనలో పొరలు పొరలుగా ఉండే కణాల్లో ఏదో ఒకదానిలో జన్యుపరమైన మార్పు వచ్చి, ఆ కణం సంతతే ఒక పొరనంతటినీ ఆక్రమించుకున్నప్పుడు ఆ మార్పు నిలుస్తుంది. అది వెలుపలి పొర అయితే ఆకు అంచు రంగు మారుతుంది, లోపలి పొర అయితే నడిమి భాగం మారుతుంది. ఆకుకు ఒక పక్క మాత్రమే తెల్లచార కనబడిందంటే, మార్పు ఆ పొరలో కొంతమేరకే పాకిందని అర్థం. అటువంటి పిలక మరుసటి ఏడు పూర్తిగా పచ్చబడవచ్చు, చక్కగా అంచు కట్టిన ఆకులు వేయవచ్చు, లేదా పత్రహరితం బొత్తిగా లేని తెల్లటి ఆకులు వేసి చచ్చిపోవచ్చు. ఈ దశలోనే పేరు పెట్టడమంటే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

నిలిచిన స్పోర్టులు లేకపోలేదు. 1936లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక నర్సరీలో సీబోల్డియానా అనే జాతి హోస్టా మొక్కల వరుస మధ్య పసుపు అంచున్న మొక్క ఒకటి ఫ్రాన్సెస్ విలియమ్స్ అనే ఆమె కంటబడింది. ఆ మొక్క నేటికీ ఆమె పేరుతోనే తోటల్లో ఉందంటే, ఆ అంచు దశాబ్దాల పాటు పిలక తర్వాత పిలకలో తప్పకుండా వస్తున్నందువల్లనే (వసంతంలో దాని అంచులు మాడిపోతాయన్న ఫిర్యాదు వేరే సంగతి). 'హాల్సియన్' అనే హోస్టా రకం నుంచి 'జూన్', 'ఫ్రాన్సీ' నుంచి 'పేట్రియట్', 'గోల్డ్ స్టాండర్డ్' నుంచి 'స్ట్రిప్‌టీజ్' వచ్చినదీ ఇలాగే. దీనికి ఎదురు ఉదాహరణ 'అండ్యులేటా'. నడుమ తెలుపున్న ఈ మొక్క కొన్నేళ్లకు తెలుపు తగ్గించుకుంటూ వచ్చి పూర్తిగా పచ్చబడుతుంది. అలా పచ్చబడిన దాన్ని కూడా 'ఎర్రోమెనా' అని వేరే పేరుతో పెంచుతున్నారంటే సేకరణకర్తల పేర్ల మోజు ఎంతటిదో ఊహించవచ్చు.

వ్యాసంతో పాటు వేసిన ఛాయాచిత్రమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. లేతపసుపు ఆకుపై ఈనెల వెంట సిరా ఒలికినట్టు ముదురు పచ్చ మరకలున్న ఆ మొక్కను రచయిత అరుదైన స్పోర్టుగా పరిచయం చేశారు. నేను చూసినంతలో అవి హోస్టాలకు సోకే హోస్టా వైరస్ ఎక్స్ అనే వైరస్ రోగ లక్షణాలు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో ఈ వైరస్‌ను గుర్తించి వివరించారు. 'బ్రేక్‌డౌన్', 'లూనసీ', 'లెపర్డ్ ఫ్రాగ్' అనే పేర్లతో వింత రకాలుగా అమ్ముడైన మొక్కలు నిజానికి ఈ రోగం సోకినవేనని తర్వాత తేలింది. అసలైన స్పోర్టులో చార ఆకు మొదలు నుంచి కొన వరకు ఈనెకు సమాంతరంగా సాగుతుంది, రంగు మారే చోట గీత స్పష్టంగా ఉంటుంది. రోగపు మరక ఈనె దగ్గర మొదలై ఇరుపక్కలకూ చెదిరిపోతుంది. వేలితో తడిమితే ఆ భాగం తరచు ముడతపడి, చుట్టుపక్కల ఆకుకన్నా గరుకుగా తగులుతుంది.

ఈ తేడా తెలియని రోజుల్లో ఇటువంటి మచ్చల మొక్క ఒకటి నా చేతికి వచ్చింది. మురిసిపోయి దాన్ని రెండు ముక్కలుగా విడదీసి, అదే చాకుతో మరో మూడు దుబ్బులను కూడా విడదీశాను. ఈ వైరస్ ఒక మొక్క నుంచి మరో మొక్కకు పాకేది ముఖ్యంగా చాకుకు అంటిన మొక్క రసం ద్వారానే. సోకిన వెంటనే లక్షణాలు కనబడవు కాబట్టి రెండో ఏడు గాని నాకు తెలిసిరాలేదు. మందు లేని రోగం కావడంతో ఆ మొక్కలన్నిటినీ వేళ్లతో సహా తవ్వి పారేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒక దుబ్బు విడదీయగానే చాకును కడిగి, బ్లీచ్ కలిపిన నీళ్లలో ముంచి, చేతులు కడుక్కుని గాని రెండో దుబ్బు ముట్టుకోను.

రోగం కాదని తేలినా పిలకను వెంటనే కోయనవసరం లేదు. దానికి సొంత వేళ్లు వచ్చేదాకా తల్లి దుబ్బులోనే ఉంచి, మరుసటి వసంతంలో ఆకులు ఇంకా విచ్చుకోకుండా మొనల్లా చుట్టుకొని ఉన్నప్పుడు మట్టి కడిగి, పిలక తల్లిని అంటుకున్న చోటు కంటితో చూసి, వేళ్లతో పాటు కోయాలి. తర్వాత కనీసం మూడేళ్లు గమనించాలి. ఈలోగా పూర్తి పచ్చ పిలక వస్తే తీసేయాలి, ఎందుకంటే పత్రహరితం ఎక్కువగా ఉన్న ఆ పిలక బలంగా ఎదిగి రంగు పిలకలను మింగేస్తుంది. నడుమ తెలుపున్నవి నిదానంగా పెరుగుతాయి. వాటికి ఉదయపు నీరెండ కొంత కావాలి, మధ్యాహ్నపు ఎండ తగిలితే తెల్లభాగం కాగితంలా ఎండిపోతుంది.

విత్తనాలు దాచుకుంటే అవే చారలు వస్తాయన్న వాక్యం కూడా పొరపాటే. అంచు కట్టిన మొక్క విత్తనం నుంచి ఆ అంచు రాదు. స్పోర్టును యథాతథంగా నిలుపుకోవాలంటే పిలకలు విడదీయడమో, టిష్యూ కల్చరో (ప్రయోగశాలలో మొక్క కణజాలం నుంచి మొక్కలు పెంచడం) తప్ప మార్గం లేదు. టిష్యూ కల్చర్‌లోనూ కొన్ని మొక్కలు దారి తప్పుతాయి.

ఆ ఛాయాచిత్రం గురించి, విత్తనాల గురించి వచ్చే అనుబంధంలో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. నా దగ్గర ఇప్పుడు తెల్లంచుతో వచ్చిన పిలక ఒకటి రెండో వసంతంలో ఉంది. మొదటి ఏడాది వేసిన ఐదాకుల్లో నాలుగింటికే అంచు ఉంది, ఈ ఏడాది వేసిన ఏడాకులకూ ఉంది. దాని కుండీకి గుచ్చిన చీటీ మీద తేదీ తప్ప ఇంకేమీ రాయలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు