నిమ్మ, బత్తాయి తొక్కలు పారేయకండి

అందరికీ నమస్కారం. ఎండలు ముదిరాక మన బెంగళూరు ఇళ్లలో రోజూ నిమ్మరసమో బత్తాయి జ్యూసో ఉంటోంది. తొక్కలన్నీ తడిచెత్త డబ్బాలోకే పోతున్నాయి.

బోరు నీళ్లకి కుళాయిల మీద తెల్లగా గట్టిపడే మరక ఉంది కదా, పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది పది నిమిషాలు వదిలేయండి. సిట్రిక్ ఆమ్లం ఆ సున్నాన్ని కరిగిస్తుంది. రాగి చెంబుకైతే చెక్క మీద కాస్త ఉప్పు చల్లి తోమితే చాలు. మార్బుల్ జోలికి మాత్రం వెళ్లొద్దు, మెరుపు పోతుంది.

అసలు లాభం బయో ఎంజైమ్‌లో ఉంది, అంటే తొక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి ఇంట్లోనే చేసుకునే క్లీనర్. 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాలో 300 గ్రాముల తొక్కలు, 100 గ్రాముల బెల్లం, లీటరు నీళ్లు వేయండి. పైన కాస్త ఖాళీ ఉండాలి. మొదటి నెల రోజూ మూత తిప్పి గ్యాస్ వదలాలి. గాజు సీసా అయితే పగిలిపోవచ్చు. 3 నెలలకు వడకట్టి, బకెట్ నీళ్లలో రెండు మూతలు కలిపి టైల్స్ తుడుచుకోవచ్చు. బ్లీచింగ్‌తో కలపకండి, ప్రమాదం.

ఎండు తొక్కలు బీరువాలో పెడితే వాసన బాగుంటుంది. దోమలు పారిపోతాయన్న ఫార్వర్డ్‌ను నేనైతే నమ్మను.

బయో ఎంజైమ్ మొదలుపెట్టేవాళ్లకు మా ఇంట్లో తయారైనది ఓ గ్లాసుడు ఇస్తాను, పాలకు తోడు వేసినట్టు వేస్తే త్వరగా పులుస్తుంది. సీసా మీరే తెచ్చుకోండి.