కుడితి తొట్టిలో బాప్తిస్మం

ఇర్వింగ్, టెక్సాస్
సోమవారం రాత్రి

ఒరేయ్ బావా,

ముందు నాలుగు తిట్లు తిట్టేసుకో. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ ఎవరో ఒకరు తలుపు కొట్టారు. ఇంట్లో అంతా కులాసా. ఉద్యోగం ఉంది. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఇక ఆ సంగతులు చాలు, నిన్న సాయంత్రం జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

బుధవారాలు మా చర్చి హాల్లో ఇంగ్లీషు నేర్పుతున్నామని రాశాను కదా. అలా మొదలైన స్పానిష్ సంఘంలో నిన్న మొదటి బాప్తిస్మాలు జరిగాయిరా! నలుగురు. ఎక్కడనుకున్నావ్? వాళ్లుండే అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో, కుడితి తొట్టిలో! పశువులకు నీళ్లు పెట్టే పెద్ద రేకు తొట్టి. ఇక్కడ చాలా సంఘాలు ఇదే వాడతాయి. చర్చి లోపల మంచి తొట్టి ఉంది. కానీ ఇరుగుపొరుగు చూడాలన్నారు పాస్టరుగారు. ఆయనది హోండురస్. పగలంతా గోడలకు డ్రైవాల్, అంటే జిప్సం పలకలు, బిగించే పని, సాయంత్రం వాక్యం. కనురెప్పల మీద తెల్ల పొడి అలాగే ఉంటుంది. అందరూ ఆయన్ని ఎర్మానో అంటారు, మనం బ్రదర్‌గారూ అన్నట్టు.

నిజానికి ఇది ఏడాది కిందటే జరగాల్సింది. అప్పట్లో ప్రతి శనివారం బియ్యం, చిక్కుడు గింజలు, మొక్కజొన్న పిండి సంచులు పంచేవాళ్లం. తీసుకున్నవాళ్లలో కొందరు బాప్తిస్మం ఇమ్మన్నారు. తల్లి సంఘం పెద్దలకు తొందర. పాస్టరుగారు ఒప్పుకోలేదు. సంచి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో సంచి ఆగాక చూద్దామన్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. మన ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు చేసిందీ అదే కదరా! 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు, ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ముంచింది మన తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరేసి చొప్పున. ఆ రోజు దొరగారు ఒక్కరినీ ముంచలేదు. ఈ కథంతా పాస్టరుగారికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుండ్లకమ్మ అంటే నదేనా?" అని మళ్లీ అడిగారు. నది అనగానే నీ ఎడమ చెప్పు గుర్తొచ్చింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదులే.

అసలు విషయం పెద్దావిడది. అబుయెలా అంటారు, అంటే అమ్మమ్మ. ఆవిడ క్యాథలిక్. ఆవిడ కూతురూ పదహారేళ్ల మనవడూ ఆ నలుగురిలో ఇద్దరు. మూడు నెలలుగా ఆవిడ ఏడుస్తూనే ఉంది. "పసిగుడ్డుగా ఉన్నప్పుడే గుడిలో వీడి తల మీద నీళ్లు పోయించాను. అప్పుడు చేసింది అబద్ధమా?" అని నన్నే అడిగింది. మనవడే తలొంచుకుని నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నమ్మినవాడే నీళ్లలో మునగాలని నేను నమ్ముతాను, ఇప్పటికీ. కానీ ఆవిడ ముఖం చూస్తూ ఆ మాట... ఏమోరా.

నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉత్తరపు గాలి మొదలైంది. పైపుతో తొట్టి నింపడానికే రెండు గంటలు పట్టింది, నీళ్లు మంచు. కూతురు కాలు పెట్టగానే "హా" అని ఊపిరి బిగపట్టింది. పైన రెండో అంతస్తు వరండాలో శాలువా కప్పుకుని పెద్దావిడ నిలబడి ఉంది. చటుక్కున లోపలికి వెళ్లి ధడేల్‌మని తలుపేసుకుంది. అయిపోయింది, తెగిపోయింది అనుకున్నాం. పాట కూడా ఆగిపోయింది.

పావుగంటకు మెట్ల మీద చప్పుడు. టమాలేలు, అంటే మొక్కజొన్న పిండి పొట్లాలు, ఆవిరి మీద ఉడికించే పొడుగాటి అల్యూమినియం కుండ, మన ఇడ్లీ కుండ లాంటిదే, రెండు చెవులకూ గుడ్డలు చుట్టి మోసుకొస్తోందిరా! పొగలు కక్కుతున్న నీళ్లు. ఎవరి వైపూ చూడలేదు. తొట్టిలో పోసి, చేత్తో కలిపి చూసి, మళ్లీ మెట్లెక్కింది. "పిల్లాడికి జలుబు చేస్తుందంట," అన్నాడు మనవడు, గొంతు పూడుకుపోయి. అంతే, ప్రతి తలుపూ తెరుచుకుంది. ఒకావిడ కుక్కర్, ఒకావిడ టీ కెటిల్. సంఘంలో లేనివాళ్లు కూడా.

మనవడు నీళ్లలోంచి లేవగానే తువ్వాలు చుట్టింది ఆవిడే. ఆవిడ మారలేదు, వచ్చే ఆదివారం పొద్దున తన గుడికే వెళ్తుంది, వెళ్లనీ.

నాలుగో ఆవిడ భర్తను మార్చిలో దేశం దాటించేశారు. పదేళ్ల కూతురు తొట్టి మీదుగా ఫోను ఎత్తి పట్టుకుంది, ఆయన అక్కడ్నుంచి చూడాలని. చెయ్యి వణుకుతున్నా దించలేదు. ఆ భయంతోనే ఇంకో రెండు కుటుంబాలు అసలు బయటికే రావడం లేదు. వాళ్ల ఇంటికి శనివారం మేమే

కింద హారన్ కొడుతున్నారు. తొట్టి రాత్రికే తిరిగి ఇచ్చేయాలి, ఎత్తడానికి నలుగురు కావాలి. ఫోటోలు వేరే కవర్లో పంపుతాను. అత్తమ్మకు నా వందనాలు చెప్పు. చెప్పు అంటే మళ్లీ

వెళ్తున్నానురా.