పదిహేనులో ఎనిమిది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆధ్యాత్మిక పేజీలో, ఆత్మానుసారంగా, అంటే దేవుని ఆత్మ నడిపించినట్టు, జీవించడం గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాసినవారి భక్తిని నేను శంకించను. కానీ ముప్పై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి, చేతిలో పెన్ను లేకపోయినా కన్ను ఊరుకోదు. ‘శరీరాన్ని జయించినవాడు మరణం తరువాత నిత్యజీవాన్ని సాధిస్తాడు’ అని అందులో ఒక వాక్యం ఉంది. చిన్నదే. నాకు మాత్రం మూడు చోట్ల అడ్డుపడింది.

మొదటిది శరీరం. ఆ మాట చూడగానే మనకు తాగుడు, తిండి, కామం గుర్తొస్తాయి. నేనూ అలాగే అనుకున్నాను. సిగరెట్ మానేశాను, శుక్రవారం ఉపవాసం ఉండేవాణ్ణి, ఇక శరీరం సంగతి తేలిపోయిందని ధీమాగా తిరిగాను. అదే రోజుల్లో నాన్న ఇంటి వాటాల దగ్గర తమ్ముడికీ నాకూ చెడింది. పదకొండేళ్లు మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు జ్ఞాపక కూడిక కార్డు ప్రూఫు నా దగ్గరికే వచ్చింది. కింద ‘కుమారులు’ అని ఇద్దరి పేర్లు. వాడి పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన మార్జిన్‌లో డిలీట్ గుర్తు పెట్టాను. ఆ రోజు కూడా ఉపవాసంలోనే ఉన్నాను, చూడండి!

తరువాత ఎప్పుడో గలతీ పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు గలతీయలోని క్రైస్తవ సంఘాలకు రాసిన ఉత్తరం, అయిదో అధ్యాయం చదువుతూ, పాత అలవాటు కొద్దీ పెన్సిల్‌తో లెక్కపెట్టాను. మన తెలుగు బైబిల్లో శరీరకార్యాలు పదిహేను. మొదట మూడు కామానికి సంబంధించినవి, తరువాత విగ్రహారాధన, అభిచారం (చేతబడి). చివర రెండు తాగుడూ అల్లరీ. మధ్యలో ద్వేషాలు, కలహం, మత్సరం, క్రోధాలు, కక్షలు, భేదాలు, విమతాలు (వేరు ముఠాలు), అసూయలు. ఎనిమిది! సగానికి పైగా మనిషికీ మనిషికీ మధ్య చెడిన సంగతులే. నేను మానేసిన సిగరెట్ పేరు ఆ జాబితాలో లేదు. నేను పెంచుకుంటున్న కక్ష పేరు ఉంది.

పౌలు ఇలా రాయడానికి కారణం ఉంది. యూదులు కాని విశ్వాసులు సున్నతి చేయించుకోవాలా వద్దా అని గలతీయలోని సంఘాలు గొడవపడుతున్నాయి. ‘ఆత్మానుసారముగా నడుచుకొనుడి’ అనే పదహారో వచనం మనందరికీ కంఠతా వచ్చు. దాని పైనున్న పదిహేనోది ఎంతమందికి గుర్తుంది? ఒకరినొకరు కరుచుకుని తినేస్తూ పోతే మీరే మిగలరు, జాగ్రత్త అంటాడు అక్కడ. ఆత్మలో నడవమన్న మాట ఆ కొట్లాట మీదే వచ్చింది.

ఇక్కడ పౌలు శరీరానికి వాడిన గ్రీకు మాట సార్క్స్. దేహానికి సోమా అని వేరే మాట ఉంది. పౌలే రాసిన రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో రెండూ వస్తాయి, తెలుగులో మాత్రం చాలాచోట్ల రెండింటికీ శరీరమనే పడింది. అందుకే మనకీ తికమక. అదే అధ్యాయం పదకొండో వచనంలో, చావుకు లోనైన మన శరీరాలను కూడా దేవుడు తన ఆత్మ ద్వారా జీవింపజేస్తాడని ఉంది. శరీరం అంటే శత్రువే అయితే దాన్ని మళ్లీ బతికించడం దేనికి?

రెండోది ‘సాధిస్తాడు’. దాని గురించి ఎక్కువ చెప్పను. రోమా 6:23లో పౌలు మరణాన్ని పాపానికి జీతమన్నాడు, నిత్యజీవాన్ని కృపావరమన్నాడు. జీతం సంపాదించుకుంటాం, వరం పుచ్చుకుంటాం. ఇంకొకటి, ప్రూఫ్ రీడర్లకే తట్టే సంగతి: ఆ గలతీ అయిదో అధ్యాయంలోనే శరీర ‘కార్యములు’ బహువచనం, ఆత్మ ‘ఫలము’ ఏకవచనం. ప్రేమ నుంచి ఆశానిగ్రహం దాకా తొమ్మిది పేర్లు చెప్పి కూడా ఫలములు అనలేదు. నాకు ఆశానిగ్రహం ఉంది, సమాధానం (అంటే శాంతి) సంగతి తరువాత చూద్దాం అనుకోవడానికి చోటు లేదన్నమాట. నేను సరిగ్గా అలాగే అనుకున్నాను.

మూడోది ‘మరణం తరువాత’. యోహాను సువార్త 5:24లో యేసు, నా మాట విని నన్ను పంపినవానిని నమ్మినవాడు నిత్యజీవం గలవాడు అంటాడు. ఇప్పుడే. మరణంలోనుంచి జీవంలోకి దాటేశాడు అంటాడు. 17:3లో దేవుణ్ణీ, ఆయన పంపిన క్రీస్తునూ ఎరగడమే నిత్యజీవమన్నాడు. అలాగని రాబోయేది లేదని కాదు. 6:40లో నిత్యజీవమూ అంత్యదినాన లేపడమూ ఒకే వచనంలో ఉన్నాయి. కానీ మొదలు ఇక్కడే. తమ్ముడితో మాట్లాడకుండా కూర్చున్న ఆ పదకొండేళ్లూ నేను నిత్యజీవాన్ని మరణం తరువాతి అరలో భద్రంగా పెట్టేశాను, ఈలోగా కక్షకు ఏ ఇబ్బందీ లేకుండా.

పోయిన ఏడాది వాడికి ఫోన్ చేశాను. రెండు నిమిషాలు. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. వాటాల సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆ తరువాత వాడే రెండుసార్లు చేశాడు. పాత కాగితాల్లో ఆ కార్డు ప్రూఫు దొరికితే, కొట్టేసిన పేరు కింద చుక్కలు పెట్టాను. మా పనిలో దానికి అర్థం ‘కొట్టివేత రద్దు, ఉన్నది ఉంచండి’ అని. కార్డు ఎప్పుడో అచ్చయి పంచేశారు, ఆ చుక్కలు ఇక ఎవరూ చూడరు.

ఆ వ్యాసానికి రెండో భాగం ఉందని రాశారు. వీలైతే అందులో ఆ వాక్యానికి ఒక సవరణ వేయగలరు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రిటైర్డ్ ప్రూఫ్ రీడర్