తుపానంటే దసరాకేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీరు వేసిన తుపానుల చరిత్ర చదివాను. 1977 దివిసీమ, 1999 సూపర్ సైక్లోన్, 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అన్నీ ఉన్నాయి. బాగా రాశారు. కానీ అన్నీ దసరా, దీపావళి, కార్తీకం చుట్టూ వచ్చినవే. అది చదివితే మిగతా ఏడాదంతా ఆకాశం బుద్ధిగా పడుకుంటుందేమో అనిపిస్తుంది.

మాది ఒడిశాలోని బరంపురం. బడాబజార్ దగ్గర అద్దె ఇంటి డాబా మీద అప్పడాలు, వడియాలు ఎండబెట్టి అమ్ముకుంటాం. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా మాకు సీజను. పెళ్లిళ్ల ఆర్డర్లన్నీ అప్పుడే. ఆ మూడు నెలలూ నాకు ఒక కన్ను పిండి మీద, ఇంకో కన్ను వాయవ్యం మూల మీద. అటు నల్లబడిందంటే చాపలు చుట్టేయాల్సిందే. ఇక్కడ దాన్ని కాలబైశాఖి అంటారు. పొద్దుటి నుంచి నేల కాగిపోయి ఉంటుంది, సముద్రం వైపు నుంచి తడిగాలి వస్తుంది, పైన కొండల మీదుగా పొడిగాలి వస్తుంది. రెండూ కలిసేసరికి మబ్బు నిలువునా లేస్తుంది. వాన కంటే ముందు చల్లగాలి విసురుగా కిందికి దిగుతుంది. ఆ గాలే రేకులు లేపేది.

రెండేళ్ల కిందట చైత్రంలో మూడు చాపల గుమ్మడి వడియాలు పెట్టాం. మధ్యాహ్నం రెండింటికి మబ్బు తునక లేదు. మూడున్నరకి పక్కవాళ్ల రేకు ఎగిరొచ్చి మా నీళ్ల ట్యాంకు మీద పడింది. డెబ్బై దాటిన మా అత్తగారు వడియాల కోసం పైకి పరుగెత్తారు. వెనక వీధి కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. ఆవిడ మెట్ల మీదే కూలబడిపోయారు. రెండు రోజులు ఒక చెవి వినపడలేదు. వడియాల సంగతి చెప్పక్కర్లేదు.

తర్వాత చూస్తే, గంట ముందే ఫోనుకు హెచ్చరిక వచ్చి ఉంది. ఒడియాలో. నేను బజారుకెళ్లాను, ఫోను ఆవిడ దిండు పక్కనే ఉంది. ఆవిడ ఒడియాలో బేరమాడితే కూరగాయలవాడు రెండు దండాలు పెట్టి ఇచ్చేస్తాడు. ఒడియా అక్షరం మాత్రం రాదు. మా వీధిలో ఇలాంటి పెద్దవాళ్లు ఇంటికొకరున్నారు.

అప్పటి నుంచి ఈ కాలం గాలివానల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. 1888 ఏప్రిల్ 30న ఉత్తరాదిన మొరాదాబాద్‌లో వడగళ్లు పడి 246 మంది చనిపోయారట. ఒక్క వడగళ్లవానకు అంతమంది పోవడం ప్రపంచంలో ఇప్పటికీ అదే రికార్డు. 2009 మార్చి 31న మన ఒడిశాలోనే, కేంద్రాపడా జిల్లా రాజ్‌కనికలో టోర్నడో వచ్చింది. మార్చిలో! 2014 ఫిబ్రవరి, మార్చిలో మహారాష్ట్రలో వడగళ్లకు చేతికొచ్చిన గోధుమ, శనగ నేలపాలయ్యాయి. ఎండ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1998లో నేను ఏడో తరగతి. ఆ వేసవిలో ఒడిశాలో రెండువేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. మా నాన్న మధ్యాహ్నం వాకిలికి గోనెపట్టా కట్టి, చద్దన్నం నీళ్లు తాగించి మమ్మల్ని బయటికి కదలనిచ్చేవాడు కాదు.

తుపానులూ వేసవిలో రాకుండా లేవు. 1990 మే 9న మచిలీపట్నం వైపు వచ్చిన దానికి తొమ్మిది వందల మందికి పైగా పోయారు. మీ వ్యాసంలో అది లేదు. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటింది. నాలుగు రోజుల్లో అక్షయ తృతీయ, మా ఇంటి నిండా పెళ్లి అప్పడాలు. మాకు తప్పింది, పూరీవాళ్లకు తప్పలేదు. 2022 మేలో అసని వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి దగ్గర సున్నాపల్లి తీరానికి కొట్టుకొచ్చిన బంగారురంగు రథం అందరికీ గుర్తుంది. తుపాను పేరు అడిగితే తల గోక్కుంటారు.

పెద్ద తుపానుకు నాలుగైదు రోజుల ముందు కబురందుతుంది, బస్సులొస్తాయి, షెల్టర్లు తెరుస్తారు. ఫణికి పది లక్షల మందికి పైగా తరలించారు. పిడుగుకు అంత వ్యవధి ఉండదు. 2015లోనే ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది. మంచిదే. మాకు కావాల్సింది, ఆ కబురు మేం చదవగలిగే భాషలో రావడం.

మీ వాతావరణం బాక్సు ఇచ్ఛాపురంతో ఆగిపోతుంది. అక్కడికి మా ఊరు ఇంచుమించు పాతిక కిలోమీటర్లే. ఏ జిల్లాకు ఉరుములు, పిడుగులు, ఈదురుగాలి ఉండొచ్చో వాతావరణ శాఖ ముందురోజే చెబుతుంది. మార్చి నుంచి మే దాకా గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ పేర్లు కూడా ఆ బాక్సులో వేయండి. నాలుగు లైన్లు చాలు. రాశిఫలాల పక్కనైతే ఇంకా మంచిది, మా అత్తగారు పేపరు తెరిచేది అక్కడే.

ఇట్లు,
అప్పడాలు చేసే ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా