ఫొటో చూసి యుద్ధవిమానం రకం తేల్చలేం

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచయుద్ధంపై వచ్చిన వ్యాసంలో ఒక జర్మన్ యుద్ధవిమానం మెసెర్‌ష్మిట్ 109 ఫొటో వేసి, కింద ‘జీ-14’ అని రాశారు. జీ-6, జీ-14 అన్నవి ఆ విమానంలోని రకాల పేర్లు. వ్యాసం ఎంతో శ్రద్ధగా ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ ఫొటోలో కనిపించే ఎత్తయిన తోక, కమ్మీలు తక్కువగా ఉన్న కాక్‌పిట్ మూత 1944లో తయారైన కొన్ని జీ-6 విమానాలకూ ఉన్నాయి. జీ-14లో ముఖ్యమైన మార్పు ఇంజన్‌లోకి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మే ఎండబ్ల్యూ-50 అమరిక. అది బయటికి కనిపించదు.

ఇలాంటప్పుడు ఆధారం ప్రతి విమానానికీ ఫ్యాక్టరీ ఇచ్చిన తయారీ సంఖ్యే. లైప్‌జిగ్‌లోని ఎర్లా, రీగెన్స్‌బర్గ్‌లోని మెసెర్‌ష్మిట్ వంటి కర్మాగారాలకు వేర్వేరు సంఖ్యల వరుసలు కేటాయించేవారు కనుక, అంకెలు చదవగలిగితే ఎక్కడ, ఏ రకంగా తయారైందో ఉత్పత్తి రికార్డులతో సరిచూడవచ్చు. మన ఆటోనగర్‌లో బాడీ ఎంత మార్చినా లారీని ఛాసిస్ నంబరుతోనే గుర్తుపట్టినట్టే ఇదీ.

1944 జులై 21న ఇంగ్లండ్‌లోని మాన్‌స్టన్‌లో దిగిన మెసెర్‌ష్మిట్ 109నే చూడండి. దాని తయారీ సంఖ్య 412951, రకం జీ-6/యూ2. ఆ ‘యూ2’ అన్నది ఇంజన్‌కు అదనపు శక్తినిచ్చే లోపలి అమరికకు గుర్తు. దూరం నుంచి తీసిన ఫొటోలో అది దొరకదు. చేజిక్కిన, కూలిన జర్మన్ విమానాలను బ్రిటిష్ వాయుసేన నిఘా అధికారులు దగ్గరుండి పరీక్షించి, లోపలి రేకులపై ఉన్న సంఖ్యలనూ గుర్తులనూ రాసుకునేవారు. జర్మన్ల నష్టాల జాబితాల్లోనూ విమానం రకం, తయారీ సంఖ్య, దెబ్బతిన్న శాతం ఉంటాయి. అయితే రాసినవారు అంకె తారుమారు చేసి ఉండవచ్చు, రకాన్ని పూర్తిగా రాయకుండా వదిలేసి ఉండవచ్చు. అందుకే ఒక్క కాగితాన్నే నమ్మకుండా, ఉత్పత్తి రికార్డునూ నిఘా నివేదికనూ ఎదురెదురుగా పెట్టి చూడాలి. ఈ పని నెమ్మదైనదే అయినా దీనికి మరో దారి లేదు.

గుంటూరులో మోడల్ విమానాలు కట్టే విద్యార్థులు ఆ పేజీని కత్తిరించి దాచుకున్నారు, దాన్నే ప్రమాణంగా తీసుకుంటున్నారు. కాబట్టి దయచేసి ఆ ఫొటో అసలు ప్రతిలో తోకపై తయారీ సంఖ్య అంకెలు కనిపిస్తే వాటిని అచ్చువేయండి. కనిపించకపోతే ‘జీ-6 లేదా జీ-14’ అని సవరణ ఇవ్వండి.

— ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు