చిరు వ్యాపారుల సంఘం వార్షిక నివేదిక: వెబ్‌సైట్‌లో ఏది రాయాలి, ఏది చూపించాలి

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని ఎక్కువ భాగం సభ్యుల వెబ్‌సైట్ల మీదే సాగింది. నిరుటి సర్వసభ్య సమావేశంలో ఎక్కువ మంది అడిగింది కూడా అదే. నల్లగొండలో బట్టల దుకాణాలున్నవాళ్లు, పుట్టపాక, పోచంపల్లి వైపు నుంచి వచ్చే నేత సభ్యులు, బత్తాయి తోటల రైతులు, పచ్చళ్లు చేసి అమ్మే మహిళా సభ్యులు... అందరిదీ ఒకే మాట. "సైట్ అయితే చేయించుకున్నం, ఇగ అందుల ఏం పెట్టాలె?" కొందరు అంతా వీడియోలే ఉండాలన్నారు. కరపత్రాన్ని ఫొటో తీసి పెడితే చాలదా అని మరికొందరు అడిగారు.

కార్యవర్గం ఒక చిన్న పనితో మొదలుపెట్టింది. ప్రతి సభ్యుడినీ ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నాం. ఫోన్‌లో గానీ కౌంటర్ దగ్గర గానీ కొనేవాళ్లు ఏమడిగితే అది వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఆ నోట్‌బుక్‌లు కార్యవర్గ సమావేశంలో ముందు పెట్టుకుని చదివితే సగం జవాబు అక్కడే దొరికింది. "దుకాణం ఎన్నింటిదాక ఉంటది?", "రేటెంత?", "ఉతికితే రంగు పోతదా?", "ఫొటోలున్న రంగే వస్తదా?", "కాయ ఇప్పుడు ఉన్నదా?" ఇవన్నీ ప్రశ్నలే అయినా వీటికి జవాబు చెప్పే తీరు ఒక్కటి కాదు. కొన్నిటికి ఒక్క వాక్యం చాలు. కొన్నిటికి మంచి ఫొటో కావాలి. వీడియో లేకుండా అర్థమయ్యేలా చెప్పలేనివి చాలా తక్కువ. కొనేవాళ్లు అడిగే ప్రశ్నను బట్టే ఫార్మాట్ ఉండాలని అక్కడ తీర్మానించాం. తర్వాత పెట్టిన శిక్షణ తరగతులన్నీ ఈ తీర్మానం మీదే నడిచాయి.

వేళలు, చిరునామా, ఫోన్ నంబరు, ధరలు అక్షరాల్లోనే ఉండాలి. ఇందులో కార్యవర్గానికి రెండో మాట లేదు. కరపత్రం ఫొటో చూడటానికి అందంగా ఉండొచ్చు. కానీ అందులోని నంబరు మీద వేలు పెడితే కాల్ పోదు. ఒక ధర మారితే కరపత్రం మొత్తం మళ్లీ చేయించాలి. చూపు లేనివాళ్లు ఫోన్‌లో పేజీని చదివించుకుని వింటారు. ఫొటోలో ఇరికించిన అక్షరాలు ఆ చదివే యాప్‌కు సరిగా అందవు. గూగుల్‌లో వెతికేవాళ్లకు మీ దుకాణం కనపడాలన్నా పేజీలో మాటలు ఉండాల్సిందే. రేట్లను వీడియోలో చెప్పడం అన్నిటికన్నా నష్టం. మిర్చి ధర పెరిగిన ప్రతిసారీ పచ్చళ్ల వీడియో మళ్లీ తీయలేం కదా.

తెలుగు అక్షరాల సంగతి ఇక్కడ విడిగా చెప్పాలి. చాలామంది సభ్యుల దగ్గర పాత కరపత్రాల, పెళ్లి కార్డుల కోసం డీటీపీ సెంటర్లలో కొట్టించిన మ్యాటర్ ఉంది. అందులో ఎక్కువ భాగం యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) రాకముందటి పద్ధతి ఫాంట్లలో ఉంది. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చారు. అందుకే ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అది గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలుగా కనపడుతుంది. అలాంటి మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా ఫోన్ కీబోర్డుతో మళ్లీ కొట్టుకోవాలి. మన యువ సభ్యులు సాయంత్రాలు కూర్చుని ఎంతోమందికి ఈ పని చేసిపెట్టారు. వాళ్లకు సంఘం తరఫున మనసారా ధన్యవాదాలు.

ఫొటోల మీద ఎక్కువ సమయం పెట్టాం, పెట్టాల్సిందే. చీర కొనేవాళ్లకు మన మాట కన్నా రంగు ముఖ్యం. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఇక్కత్ చీర ఫొటోలో ఒక రంగు, ఇంటికి చేరాక ఇంకో రంగు కనపడితే చీర వెనక్కి వస్తుంది, మాట కూడా పోతుంది. పొద్దున పూట గుమ్మం దగ్గర నీడలో, ఫ్లాష్ లేకుండా తీయాలని అందరితో చేయించాం. ఒక్కో చీరకు పూర్తి ఫొటో ఒకటి, కొంగు ఒకటి, నేత కనపడేంత దగ్గరగా ఒకటి ఉండాలి. గద్వాల చీరలు అమ్మే సభ్యులకు దగ్గరి ఫొటో మరీ అవసరం. నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటులోనే ఆ చీర పనితనమంతా ఉంటుంది. నారాయణపేట చీరకు గళ్లు, అంచు ఒకే ఫొటోలో పడాలి.

ఫోన్‌తో తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. 12 మెగాపిక్సెళ్ల ఫొటో దాదాపు 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. ఫోన్‌లో చూసేవాళ్లకు 1200 ఉంటే చాలు. ఫొటో ఫైళ్లలో రకాలున్నాయి. చీరలు, కాయలు, వంటల ఫొటోలకు జేపెగ్ గానీ వెబ్‌పీ గానీ వాడండి. వెబ్‌పీ ఫైలు సాధారణంగా ఇంకా చిన్నది. పీఎన్‌జీ లోగోలకు బాగుంటుంది. అదే చీర ఫొటోను పీఎన్‌జీలో పెడితే ఫైలు ఊరికే బరువెక్కుతుంది. తండాల్లో, ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట మీ పేజీ తెరుచుకోకపోతే, కొనేవాళ్లు వేరే దుకాణం చూసుకుంటారు.

వీడియో గురించి సమావేశాల్లో గట్టి వాదనలే జరిగాయి. కదలికలోనే అసలు విషయం ఉంటే వీడియో తీయాలన్నది కార్యవర్గం అభిప్రాయం. ఆసు పోయడాన్నే చూడండి. చిటికీ కట్టడానికి (రంగు అంటకుండా నూలును అక్కడక్కడ బిగించి కట్టడానికి) ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. తల్లి పడే ఆ కష్టం చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు ఎలా పోస్తారో రాస్తే పేజీ నిండుతుంది, అయినా నగరంలో ఉన్నవాళ్లకు బోధపడదు. అర నిమిషం వీడియోలో చూస్తే చీరకు అంత ధర ఎందుకో వాళ్లకే తెలుస్తుంది. పోచంపల్లి సభ్యులు ఇలాంటి చిన్న వీడియోలు తీశారు, చాలా బాగున్నాయి. శబ్దం తీసేసి చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి కింద తెలుగులో నాలుగు ముక్కలు రాయండి. వీడియోను యూట్యూబ్‌లో పెట్టి సైట్‌లో దాని లింకు ఇస్తే సైట్ మీద బరువు పడదు.

పుట్టపాక తేలియా రుమాలుకు మాత్రం రాత బాగా కుదిరింది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. "కొత్త బట్టకు నూనె వాసన ఎందుకొస్తుంది, పాతదా?" అని కొనేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారని నోట్‌బుక్‌లలో కనపడింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి తయారు చేస్తారు, ఆ వాసన దానివల్లే వస్తుంది. ఈ రెండు వాక్యాలను ప్రశ్న, జవాబుగా రాసి రుమాలు ఫొటో కిందే పెట్టించాం. ఫోన్‌లో రోజూ చెప్పుకునే జవాబు ఇప్పుడు పేజీయే చెబుతోంది.

బత్తాయి సభ్యుల విషయం వేరు. కాయ ఉందా, ఎంత ఉంది అన్నది వారం వారం మారుతుంది. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది కాబట్టి ఆ రోజు కోతకు అది సరిపోతుంది. సైట్ మొదటి పేజీలో పైన ఒక్క వరుస పెట్టుకుని, దాన్ని సీజన్ అంతా మారుస్తూ ఉండాలి. పాత వరుస అలాగే ఉంటే ఏమీ లేకపోవడం కన్నా నష్టం. పీడీఎఫ్ రేట్ల పట్టిక హోల్‌సేల్‌గా కొనే దుకాణాలకు పంపడానికి, ప్రింటు తీసుకోవడానికి బాగుంటుంది. మామూలు కొనుగోలుదారు చిన్న ఫోన్‌లో దాన్ని జూమ్ చేసుకుంటూ చదవలేరు.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నాడు నేత సభ్యులతో కలిసి ప్రదర్శన పెట్టాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాది సభ్యుల సైట్ల డొమైన్ (సైట్ చిరునామా) ఎవరి పేరు మీద ఉందో చూసే పని పెట్టుకున్నాం. కొందరి సైట్లు చేసిచ్చినవాళ్ల పేరు మీదే ఉన్నాయి. వాళ్లు ఊరు మారితే, ఫోన్ ఎత్తకపోతే రెన్యువల్ చేసుకోవడానికి దారి ఉండదు. డొమైన్ యజమానిగా మీ పేరు, ఈమెయిల్, నంబరు ఉన్నాయో లేదో సర్వసభ్య సమావేశానికి వచ్చేలోపు కనుక్కుని రండి. లేనివారికి మార్పించే పనిలో కార్యవర్గం తోడుంటుంది. చందా బాకీ ఉన్నవారు అదే రోజు కోశాధికారికి చెల్లించి రసీదు తీసుకోగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి