రోబో ముందు కూర్చునే సర్జన్‌కు శిక్షణ ఎవరిచ్చారు?

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

కొన్నేళ్లుగా పత్రికల ప్రకటనల్లోనూ, నగర కూడళ్లలోని హోర్డింగుల మీదా రోబో శస్త్రచికిత్స గురించి చూస్తున్నాం. యంత్రం బొమ్మ ఉంటుంది. చిన్న కోత, తక్కువ నొప్పి, త్వరగా ఇంటికి అన్న హామీలు ఉంటాయి. ఆ యంత్రాన్ని నడిపే సర్జన్ ఆ పనిని ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకున్నారో, నేర్చుకోవడం పూర్తయిందని ఎవరు తేల్చారో చెప్పే వాక్యం మాత్రం ఇంతవరకు ఏ ప్రకటనలోనూ నాకు కనిపించలేదు. ప్రభుత్వ వైద్య కళాశాలలో చాలాకాలం శస్త్రచికిత్స బోధించినవాణ్ణి కనుక, పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ఆపరేషన్ల విషయంలో ఈ ప్రశ్నకు ఎంత ప్రాధాన్యముందో పాఠకులకు వివరించాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. రోబో తనంతట తాను దేన్నీ కోయదు, కుట్టదు. సర్జన్ రోగికి కొన్ని అడుగుల దూరంలోని కన్సోల్‌లో, అంటే యంత్రాన్ని నడిపే పీఠంలో కూర్చుని, లోపలి దృశ్యాన్ని పెద్దదిగా, లోతుతో సహా చూస్తూ చేతులు కదిలిస్తే, రోగి పొట్టలోకి పంపిన సన్నని పరికరాలు ఆ కదలికలనే అనుసరిస్తాయి. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరా సాయంతో చేసే మామూలు లాప్రోస్కోపీలో పరికరాలు తిన్నగా, వంగకుండా ఉంటాయి; కెమెరాను సహాయకులు పట్టుకుంటారు. రోబోలో పరికరాల కొనలు మణికట్టులా అన్ని వైపులకూ తిరుగుతాయి, చేతి వణుకు లోపలికి చేరదు, కెమెరా కూడా సర్జన్ అధీనంలోనే ఉంటుంది. కటి ఎముకల మధ్య ఇరుకు చోట, మరీ ముఖ్యంగా పురుషుల్లో, మలాశయాన్ని విడదీయాల్సి వచ్చినప్పుడు ఈ సౌలభ్యం విలువ తెలుస్తుంది. ఆ విలువను నేను కాదనడం లేదు.

అయితే అక్కడ చేయాల్సిన పని ఎంత సున్నితమైనదో కూడా తెలియాలి. మలాశయం చుట్టూ కొవ్వు, శోషరస గ్రంథులతో కూడిన ఒక తొడుగు ఉంటుంది. దానికీ కటి గోడకూ మధ్య రక్తనాళాలు దాదాపు లేని పలుచని పొర ఒకటి ఉంది. సర్జన్ ఆ పొర వెంటే వెళ్లాలి. కొంచెం లోపలికి జరిగితే తొడుగు చిరిగి క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. కొంచెం బయటికి జరిగితే మూత్ర విసర్జనను, లైంగిక సామర్థ్యాన్ని నడిపించే నరాలు తెగవచ్చు, లేదా వెన్నెముక అడుగునుండే త్రికాస్థి ముందున్న సిరలు చిట్లి, ఆపడం కష్టమైన రక్తస్రావం మొదలుకావచ్చు. ఈ తొడుగును చెక్కుచెదరకుండా మొత్తంగా తీయాలని ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ ఆర్.జె. హీల్డ్ 1982లో ప్రతిపాదించారు. 1990లలో స్టాక్‌హోమ్ ప్రాంతపు సర్జన్లకు స్వయంగా ఆపరేషన్లు చేసి చూపుతూ ఈ పద్ధతి నేర్పారు. అంతకుముందు అక్కడ జరిగిన రెండు అధ్యయనాల్లో 15, 14 శాతం మందికి ఆపరేషన్ చేసిన చోటే క్యాన్సర్ తిరగబెట్టింది. ఈ శిక్షణ తర్వాత అది 6 శాతానికి తగ్గిందని 2000లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మలద్వారాన్ని తీసేసి జీవితాంతం పొట్ట మీద సంచితో బతకాల్సిన అవసరం కూడా చాలామందికి తప్పింది. కొత్త మందో, కొత్త యంత్రమో వచ్చినందువల్ల జరిగిన మార్పు కాదది. సర్జన్లకు సక్రమంగా నేర్పినందువల్ల జరిగింది. మలాశయ శస్త్రచికిత్స గురించి మాట్లాడేవారెవరూ ఈ ఉదాహరణను మరవకూడదని నా మనవి.

రోబో దగ్గరికి వస్తే, డావిన్సీ అనే శస్త్రచికిత్స రోబోకు అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2000లో అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాదే దానితో పెద్దపేగు ఆపరేషన్లు మొదలయ్యాయి. పాతికేళ్లుగా దానితో ఫలితాలు ఎలా ఉన్నాయన్న చర్చ సాగుతూనే ఉంది. 10 దేశాల్లో 471 మంది మలాశయ క్యాన్సర్ రోగులతో జరిపిన రోలార్ అధ్యయనం 2017లో జామా పత్రికలో వెలువడింది. మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చినవారు లాప్రోస్కోపీలో 12.2 శాతం, రోబోలో 8.1 శాతం, ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి గణాంకాలు సరిపోలేదు. అందులో పాల్గొన్న సర్జన్లకు లాప్రోస్కోపీలో ఉన్నంత అనుభవం రోబోలో లేదన్న విషయాన్ని లెక్కలోకి తీసుకుని మరో విశ్లేషణ చేశారు. రోబోతో ఎక్కువ అనుభవమున్న సర్జన్ల చేతుల్లో ప్రయోజనం ఉండే అవకాశముందని అది సూచించింది. చైనాలో 11 ఆసుపత్రుల్లో అనుభవజ్ఞులైన సర్జన్లతో 1,240 మంది రోగులను చేర్చుకుని జరిపిన రియల్ అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లలో కటి ప్రాంతంలో క్యాన్సర్ తిరగబెట్టింది రోబో వర్గంలో 1.6 శాతం మందికి, లాప్రోస్కోపీ వర్గంలో 4 శాతం మందికి. ఈ రెండు అధ్యయనాల మధ్య తేడాకు సర్జన్ల అనుభవం ఒక్కటే కారణమని నేను అనను, రోగులూ దేశాలూ వేరు కదా. కానీ యంత్రం కొన్నంత మాత్రాన రెండో అధ్యయనంలోని ఫలితాలు మన ఊరి ఆసుపత్రికి వచ్చేస్తాయని చెప్పడం మాత్రం రోగిని తప్పుదారి పట్టించడమే.

అనుభవం ఎన్ని ఆపరేషన్లకు వస్తుంది? అమెరికాలో ఒకే సర్జన్ వరుసగా చేసిన 50 రోబో ఆపరేషన్లను పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. తొలి 15 ఆపరేషన్లు నేర్చుకునే దశ, తర్వాతి 10 నిలదొక్కుకునే దశ, ఆ పైన కష్టమైన కేసులను చేపట్టగలిగే దశ అని అది చెప్పింది. అప్పటికే లాప్రోస్కోపీలో ఆరితేరిన చేయి అది. కన్సోల్ ముందు గడిపిన సమయం ఆధారంగా వేసిన లెక్క. త్వరగా చేయడమూ బాగా చేయడమూ ఒకటి కావు కనుక ఆ అంకెను హద్దుగా పట్టుకోవడం నాకు సమ్మతం కాదు. అయినా ఒక్క మాట ఆలోచించండి: ఆ తొలి 15 మంది రోగుల్లో మన అమ్మో, అన్నయ్యో ఉంటే, పక్కన ఎవరున్నారని అడగకుండా ఉంటామా?

ఆ దశను రోగికి హాని లేకుండా దాటించే మార్గం ప్రపంచానికి తెలియనిది కాదు. మొదట సిమ్యులేటర్, అంటే రోగి లేకుండా తెర మీద ఆపరేషన్‌ను అనుకరించే యంత్రం. కెమెరా జరపడం, పరికరాలు మార్చుకోవడం, సూది తిప్పడం వంటి అభ్యాసాలను కాలం, తప్పులు లెక్కించి నిర్ణీత స్థాయి అందేదాకా చేయించాలి. గంటలు గడిపితే చాలదు. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఉన్న యంత్రాల్లో చాలావాటికి స్పర్శ జ్ఞానం లేదు. పేగును ఎంత గట్టిగా లాగుతున్నామో చేతికి తెలియదు; కణజాలం పాలిపోవడాన్ని, సాగిపోవడాన్ని కంటితో చూసి అంచనా వేయాలి. 2024లో వచ్చిన డావిన్సీ 5 నమూనాలో ఒత్తిడి తెలిపే పరికరాలు ఉన్నాయి గానీ, పాత యంత్రాలకు అది వర్తించదు. చేతి స్పర్శను నమ్ముకుని పాతికేళ్లు ఆపరేషన్లు చేసిన సర్జన్‌కైనా ఈ కంటి చూపు కొత్తగా అలవడాల్సిందే. అందుకు సిమ్యులేటర్ తర్వాత శవాల మీద సాధన చేయించే శిబిరాలు అవసరం.

తర్వాతి మెట్టు రోగి పక్కన నిలబడటం. రంధ్రాలు ఎక్కడ పెట్టాలో, రోబో చేతులను ఏ కోణంలో అమర్చితే ఒకదానికొకటి తగలకుండా ఉంటాయో, పేగును కోసి కలిపే స్టేప్లర్‌ను ఎలా లోపలికి పంపాలో అక్కడే నేర్చుకోవాలి. ఉన్నట్టుండి రక్తస్రావం మొదలైతే రోబో చేతులను క్షణాల్లో విడదీసి పొట్ట తెరవాలి; అది సర్జన్ ఒక్కరి పని కాదు, నర్సు, మత్తు వైద్యులు, సహాయకులు కలిసి ముందే సాధన చేసి ఉండాల్సిన పని. కన్సోల్‌లో ఎంత ప్రావీణ్యం ఉన్నా, ఈ సాధన చేయని బృందంతో మలాశయ ఆపరేషన్ మొదలుపెట్టడాన్ని నేను సమర్థించలేను.

ఆ పైన ఆపరేషన్‌ను ముక్కలుగా విభజించి నేర్పాలి. ప్లీహం దగ్గరి పేగు వంపును విడదీయడం, ఎడమ మూత్రనాళాన్ని గుర్తించి కాపాడుకుంటూ దిగువ పేగుకు రక్తమిచ్చే ధమనిని కట్టడం, కటి లోతుల్లో తొడుగును విడదీయడం, పేగును కోసి తిరిగి కలపడం, ఇవన్నీ ఒకే స్థాయి పనులు కావు. నేర్చుకునేవారు ముందు తేలికైన భాగాలు చేసి, గురువు తృప్తి చెందాక తర్వాతి భాగానికి వెళ్లాలి. రోగుల ఎంపిక కూడా శిక్షణలో భాగమే. రేడియేషన్ తీసుకున్న, బరువు ఎక్కువున్న పురుషుడి దిగువ మలాశయంలోని కణితితో ఎవరూ మొదలుపెట్టకూడదు.

ఇక్కడ పీజీ విద్యార్థుల గురించి తప్పక చెప్పాలి. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌లో విద్యార్థి గురువుకు ఎదురుగా నిలబడి, ఆయన చేయి ఎటు కదిలితే తన చేయి అటు సాయం పడుతూ నేర్చుకుంటారు. గురువు వేలితో చూపిస్తారు, విద్యార్థి తాకి తెలుసుకుంటారు, చేయి తడబడితే గురువు అక్కడికక్కడే అందుకుంటారు. ఒకే కన్సోల్ ఉన్న రోబో థియేటర్‌లో గురువు మూలన తెర వెనక్కి వెళ్లిపోతారు. విద్యార్థి గంటల తరబడి రక్తాన్ని పీల్చే సక్షన్ గొట్టం పట్టుకుని నిలబడి, బయటికి వచ్చేటప్పటికి చూడటం తప్ప చేయడమన్నది లేకుండా పోతుంది. ఈ లోటు తీరాలంటే రెండో కన్సోల్ కావాలి. ఇద్దరూ ఒకే దృశ్యాన్ని చూస్తారు, గురువు తెర మీద బాణం గుర్తుతో దారి చూపగలరు, అవసరమైన క్షణంలో పరికరాలను తన అధీనంలోకి తీసుకోగలరు. 2009 నాటి నమూనాతోనే ఈ సౌకర్యం వచ్చింది. బోధనాసుపత్రులు యంత్రం కొనేటప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి ముందుగా వదులుకునేది రెండో కన్సోల్ కాకూడదు. హైదరాబాద్ నిమ్స్ 2023లో రోబో శస్త్రచికిత్సలు ప్రారంభించినప్పుడు నేను ఎంతో సంతోషించాను. ప్రభుత్వ రంగంలోని ఇటువంటి సంస్థలు ఎన్ని ఆపరేషన్లు చేశాయో చెప్పడంతో పాటు, ఎంతమంది విద్యార్థులకు కన్సోల్ మీద ఏయే భాగాలు నేర్పాయో కూడా ప్రకటిస్తే ఆ సంతోషం రెట్టింపవుతుంది.

మరి నేర్చుకోవడం పూర్తయిందని తేల్చేదెవరు? మన దేశంలో ఎం.ఎస్., ఎం.సి.హెచ్. పట్టాలకు మించి రోబో శస్త్రచికిత్సకంటూ ప్రత్యేకమైన చట్టబద్ధ అర్హత పరీక్ష లేదు. యంత్రం అమ్మే కంపెనీ కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం ఇస్తుంది. ఆపైన ఎవరిని అనుమతించాలన్నది ఆసుపత్రి ఇష్టం. కంపెనీ తన యంత్రం ఎలా నడపాలో నేర్పడం సహజమే, అవసరమే. కానీ అది మీటల పరిచయమే తప్ప మలాశయ క్యాన్సర్ శస్త్రచికిత్సలో నైపుణ్యానికి నిదర్శనం కాదు. డెట్రాయిట్‌లో స్థిరపడిన తెలుగువారు రాజ్ వట్టికూటి స్థాపించిన ఫౌండేషన్ మన దేశంలోని యువ సర్జన్లకు రోబో శస్త్రచికిత్సలో ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఇటువంటి దీర్ఘకాల శిక్షణ పొందినవారినీ, వారాంతపు శిబిరానికి వెళ్లొచ్చినవారినీ రోగి వేరుచేసి చూసే వీలు ఈనాడు లేదు.

ఇంగ్లండ్‌లో లాప్రోస్కోపీ పెద్దపేగు శస్త్రచికిత్సను నేర్పడానికి 2008 నుంచి 2013 వరకు ల్యాప్‌కో అనే జాతీయ శిక్షణ కార్యక్రమం నడిచింది. అప్పటికే కన్సల్టెంట్లుగా ఉన్న సీనియర్ సర్జన్లు అందులో మళ్లీ విద్యార్థులయ్యారు. చివర్లో కత్తిరింపులు లేని ఆపరేషన్ వీడియోలు సమర్పిస్తే, చేసినవారెవరో తెలియని పరీక్షకులు వాటిని చూసి తీర్పు చెప్పేవారు. నేర్పేవారికి సైతం ఎలా నేర్పాలో శిక్షణ ఇచ్చారు. ఈ ఏర్పాటు నాకు అత్యంత గౌరవప్రదంగా తోస్తుంది. పెద్దరికం చూసి పరీక్ష మాఫీ చేయలేదు. అదే దేశంలో ఇటువంటి కట్టుదిట్టం లేని చోట ఏమైందో కూడా చూశాం. 2015లో న్యూకాసిల్‌లోని ఫ్రీమన్ ఆసుపత్రిలో రోబోతో గుండె కవాటానికి శస్త్రచికిత్స జరిగినప్పుడు, పర్యవేక్షించడానికి వచ్చిన ఇద్దరు నిపుణులు అది ముగియకముందే వెళ్లిపోయారు. రోగి మరణించారు. ఆపరేషన్‌ను రోబో సాయంతో చేయడం ఆ మరణానికి కొంతవరకు కారణమని 2018లో విచారణాధికారి నిర్ధారించారు. అవయవం వేరైనా, మన ఆసుపత్రులకూ అది హెచ్చరికే.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ నా విన్నపం ఇది. రోబోతో మలాశయ ఆపరేషన్లు చేయదలచిన సర్జన్ల వీడియోలను పేర్లు తెలియకుండా పరిశీలించే నిపుణుల బృందాన్ని మీరు ఉమ్మడిగా ఏర్పాటు చేయండి. అందులో కంపెనీల ప్రతినిధులకు, ఆ సర్జన్ పనిచేసే ఆసుపత్రికి చోటు ఉండకూడదు. బృందం ఆమోదం వచ్చేదాకా ప్రతి ఆపరేషన్‌కూ అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు చివరి కుట్టు వరకు థియేటర్‌లో ఉండాలన్న నిబంధన పెట్టండి. పొట్ట తెరవాల్సి వచ్చినవి, అతికించిన పేగు లీకైనవి, తీసిన తొడుగు చిరిగినవి, ఏడాదికోసారి ఆసుపత్రులవారీగా వెల్లడి చేయించండి.

రోగుల బంధువులకు ఒక మాట. క్యాన్సర్ ఆపరేషన్లలో రోబో వాడకం గురించి 2019లో ఎఫ్‌డీఏ జారీ చేసిన హెచ్చరికలో, సర్జన్ శిక్షణ గురించి, అనుభవం గురించి, ఫలితాల గురించి మాట్లాడుకోవాలని రోగులకు సూచించింది. అంగీకార పత్రం మీద సంతకం చేసే ముందు మీరూ అడగండి: ఈ ఆపరేషన్‌ను మీరు రోబోతో ఎన్నిసార్లు చేశారు, మొదట్లో మీ పక్కన ఎవరున్నారు, రోబోతో కుదరకపోతే మీరే పొట్ట తెరిచి పూర్తి చేయగలరా? సక్రమంగా నేర్చుకున్న సర్జన్‌కు ఈ ప్రశ్నలు అవమానంగా తోచవు. నా విద్యార్థుల్లో కొందరు ఇప్పుడు ఆ కన్సోళ్ల ముందు కూర్చుంటున్నారు. రోగి అడగకముందే ఈ వివరాలు వారే చెప్పాలని వారికి కూడా ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత శస్త్రచికిత్స ఆచార్యుడు,
గుంటూరు